కొత్త ఉప్పునీటి ట్యాంకులో పాచి: ముందు దేని మీద ఖర్చు పెట్టాలి?

ఉప్పునీటి ట్యాంకు పెట్టిన రెండు మూడు వారాలకు తెల్లటి ఇసుక మీద గోధుమరంగు పొడి కమ్ముకుంటుంది. ఇంకో నెల గడిస్తే రాళ్ల మీద పచ్చటి నాచు వెంట్రుకల్లా మొలుస్తుంది. షాపుకు పోయి అడిగితే ఒకాయన సీసా మందు ఇస్తాడు, ఇంకొకాయన డజను నత్తలు కట్టిస్తాడు, మరొకాయన యూవీ లైటు పెట్టుకొమ్మంటాడు. మూడూ పనిచేసేవే, కాకపోతే ఒక్కొక్కటి ఒక్కో రకం పాచి మీద. రకం తేల్చుకోకుండా ఏది కొన్నా డబ్బు దండగ.

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు ట్యాంకు పెట్టేవాళ్లకు ఇంకో సంగతి ఉంది. ఇక్కడ పాచికి కావాల్సిన తిండిలో పెద్ద వాటా మనం పోసే నీళ్లతోనే లోపలికి పోతుంది. అందుకే కింద నీళ్ల గురించే ఎక్కువ రాశాం. లెక్కలన్నీ 150 లీటర్ల ట్యాంకుకు వేసినవి. మీ ట్యాంకు సైజును బట్టి మార్చుకోండి.

ముందు రకం తేల్చుకోండి

గోధుమరంగు పొడి, వేలితో తుడిస్తే ఇట్టే పోయి మర్నాటికి మళ్లీ కమ్ముకుంటే అవి డయాటమ్స్. నీళ్లలో కరిగిన సిలికాతో ఒంటికి గాజు పెంకు కట్టుకుంటాయి. సిలికా అయిపోతే వాటంతటవే తగ్గుతాయి, మామూలుగా మూడు నుంచి ఆరు వారాల్లో. దీనికి మందు అక్కర్లేదు. రెండు నెలలు దాటినా పోలేదంటే మాత్రం సిలికా కొత్తగా వచ్చి చేరుతోందని అర్థం. వచ్చే దారి దాదాపు ఎప్పుడూ నీళ్లే.

ఎరుపు లేదా ఊదారంగు పొర ఇసుకను కప్పేసి, అంచు పట్టి లాగితే చాపలా లేచి వస్తే అది సయనోబాక్టీరియా. పేరుకు పాచి అంటాం గానీ అది బ్యాక్టీరియా. నీటి కదలిక లేని మూలల్లో మొదలవుతుంది. పాచికి తిండయ్యే నైట్రేట్, ఫాస్ఫేట్‌లలో నైట్రేట్ సున్నాకు పడిపోయి ఫాస్ఫేట్ మిగిలి ఉన్నప్పుడు రెచ్చిపోతుంది.

గోధుమరంగులోనే జిగటగా, చీమిడి తీగల్లా వేలాడుతూ, తీగ కొసన గాలిబుడగ ఉండి, పగలు పెరిగి రాత్రి తగ్గితే డైనోఫ్లాజెలేట్స్ అని అనుమానించండి. వాటిని తిన్న నత్తలు తిరగబడి చచ్చిపోతుంటాయి. డయాటమ్స్ అనుకుని దీనికి నీళ్లు మార్చుకుంటూ పోతే ఇంకా ముదురుతుంది. తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. జిగటను కొంచెం ట్యాంకు నీళ్లతో సహా సీసాలోకి లాగి బాగా కుదపండి. టిష్యూ కాగితంతో వడకట్టి, ఆ నీళ్లను గాజు గ్లాసులో పోసి లైటు కింద గంటసేపు ఉంచండి. విడిపోయినవి మళ్లీ ముద్దకట్టి తీగలు సాగితే అవి డైనోలే.

పచ్చటి వెంట్రుకల నాచును అందరూ గుర్తుపడతారు. అదే నాచు ఈకలాగా, నడిమి కాడకు రెండు పక్కలా కొమ్మలతో ఉంటే బ్రయాప్సిస్, దాని కథ వేరు. పచ్చటి గాజు గోళీల్లా ఉండేది వలోనియా. దాన్ని ట్యాంకులో చిదపొద్దు, రాయిని బయటికి తీసి మొదలుతో సహా పీకేయాలి.

ఇంకో మాట. నాచు దట్టంగా పెరిగిన ట్యాంకులో నైట్రేట్, ఫాస్ఫేట్ కిట్లు తక్కువే చూపిస్తాయి, ఎందుకంటే నీళ్లలో ఉన్నదాన్ని నాచు అప్పటికే మింగేసి ఉంటుంది. కిట్ సున్నా చూపించింది కదా అని నీళ్లు శుభ్రంగా ఉన్నాయనుకోకండి.

నీళ్లు: బోరు, క్యాను, సొంత ఆర్వో

నల్లగొండ నీళ్లనగానే అందరికీ గుర్తొచ్చేది ఫ్లోరైడ్. ట్యాంకు విషయంలో అది అసలు సమస్యే కాదు. సముద్రపు నీళ్లలో సహజంగానే లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. మన తాగునీటి ప్రమాణాల్లో గరిష్ఠ పరిమితి 1.5. భయపడాల్సింది సిలికాకూ నైట్రేట్‌కూ. మన కింద ఉన్నది గ్రానైట్ రాయి, దాని పగుళ్లలో నిలిచిన నీళ్లలో సిలికా కరిగి ఉంటుంది. చుట్టూ పొలాలున్న చోట బోరులోకి ఎరువుల నైట్రేట్ దిగుతుంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే నల్లగొండ పద్ధతిని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు తాగునీటి కోసం రూపొందించారు. దానితో నైట్రేట్ పోదు, కాబట్టి ట్యాంకుకు ఆ దారి పనికిరాదు.

బోరునీళ్లు నేరుగా పోయడం ఏ లెక్కన చూసినా కుదరదు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు బోరుకంటే చాలా నయం, ఎందుకంటే అవి కృష్ణా నీళ్లు. కానీ వాటిలో క్లోరిన్ ఉంటుంది, నది నీటిలోనూ సిలికా ఉంటుంది. నేరుగా పోయడానికి కాదు గానీ ఆర్వో మిషన్‌కు ఇవ్వడానికి మాత్రం ఇవే సరైనవి.

వీధిలో అమ్మే 20 లీటర్ల క్యాను చాలామంది ఎంచుకునే దారి. తాగడానికి రుచి ఉండాలని ప్లాంటువాళ్లు ఆర్వో నీళ్లలో కొంత మామూలు నీరు కలుపుతారు. కాబట్టి ఈ రోజు 40 చూపించిన టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) వచ్చే వారం 120 చూపించొచ్చు. నాలుగైదు వందల్లో దొరికే టీడీఎస్ మీటరుతో ప్రతి క్యానునూ చూసుకుంటూ, 10 దాటితే వెనక్కి పంపగలిగితే క్యానుతో నెట్టుకురావచ్చు. అంత ఓపిక ఎవరికుంటుంది? 60 లీటర్ల చిన్న ట్యాంకు, అద్దె గది అయితే తప్ప మేం క్యానును సిఫారసు చేయం.

ఇంట్లో తాగే నీళ్లకు ఆర్వో మిషన్ ఉంటే అందరికంటే తక్కువ ఖర్చుతో బయటపడేది మీరే. మెంబ్రేన్ (లవణాలను ఆపే పొర) నుంచి వచ్చే పావు అంగుళం పైపును, టీడీఎస్ కంట్రోలర్‌కూ మినరల్ కార్ట్రిడ్జ్‌కూ ముందే, టీ జాయింట్‌తో చీల్చి మిగిలిన లవణాలను పట్టుకునే ఒక డీఐ రెజిన్ ఫిల్టర్‌లోకి పంపండి. రంగు మారే రెజిన్ తీసుకోండి. కంట్రోలర్ తర్వాత పైపు పెడితే మీరు తీసేసిన లవణాలనే మిషన్ మళ్లీ కలిపి ఇస్తుంది. ఈ పొరపాటు తరచూ జరుగుతుంది. మిషన్ ఆన్ చేసిన మొదటి రెండు లీటర్లు పారబోయండి, ఆగి ఉన్నప్పుడు మెంబ్రేన్ అవతలి లవణాలు ఇవతలికి జారి ఉంటాయి. కొత్తగా అక్వేరియం ఆర్వో కొంటే బూస్టర్ పంపు కూడా కొనాలి. మెంబ్రేన్‌కు 50 పీఎస్‌ఐ దాకా ఒత్తిడి కావాలి, మిద్దె మీది ట్యాంకు నుంచి ఒక అంతస్తు కిందికి వచ్చే నీళ్లకు ఐదారు పీఎస్‌ఐ కూడా ఉండదు.

ఇప్పుడు బోరు, భగీరథ తేడా లెక్క చూడండి. మెంబ్రేన్ 95 శాతం లవణాలను ఆపుతుందనుకుందాం. బోరు టీడీఎస్ 900 అయితే బయటికి 45 వస్తుంది, నల్లా టీడీఎస్ 300 అయితే 15. ఆ మిగిలినదాన్నే రెజిన్ పట్టుకోవాలి కాబట్టి నల్లా నీళ్లతో రెజిన్ దాదాపు మూడింతలు కాలం వస్తుంది. నల్లా వచ్చే గంటలోనే డ్రమ్ము పట్టి పెట్టుకుని దాన్నే మిషన్‌కు ఇవ్వండి. క్లోరిన్ మెంబ్రేన్‌ను తినేస్తుంది, ముందున్న కార్బన్ ఫిల్టర్‌ను ఆరు నెలలకోసారి మార్చాలి.

టీడీఎస్ మీటరు చెప్పని సంగతి ఒకటుంది. సిలికా నీళ్లలో చాలావరకు విద్యుదావేశం లేకుండా కరిగి ఉంటుంది, అందుకే మీటరుకు కనబడదు. రెజిన్ కూడా దాన్ని అన్నిటికంటే బలహీనంగా పట్టుకుంటుంది, నిండుకునేటప్పుడు మొదట వదిలేసేది దాన్నే. మీటరు ఇంకా 0 చూపిస్తుండగానే డయాటమ్స్ మళ్లీ మొదలయ్యాయంటే కారణం ఇదే. గ్రానైట్ నేల మీద ఉన్నవాళ్లు మీటరు 1 చూపగానే రెజిన్ మార్చాలి, 10 దాకా ఆగకూడదు.

సూర్యలంక బీచ్‌కు పోయి క్యాన్లలో సముద్రపు నీళ్లు తెస్తే ఉప్పు ఖర్చు మిగులుతుంది కదా అని అడిగేవాళ్లుంటారు. ఒడ్డు దగ్గరి నీళ్లలో నదులు మోసుకొచ్చిన సిలికా, పోషకాలు, బురద ఉంటాయి. దూరాభారం పడి పాచిని తెచ్చుకున్నట్టే. కిరాణా కొట్టు గల్లుప్పు కూడా వద్దు, అందులో కాల్షియం, మెగ్నీషియం సరిపడా ఉండవు. అక్వేరియం సింథటిక్ సాల్ట్‌ను లీటరుకు దాదాపు 37 గ్రాములు కలిపితే స్పెసిఫిక్ గ్రావిటీ (ఉప్పు సాంద్రత కొలత) 1.025 దగ్గరికి వస్తుంది. వారం వారం మార్చే 15 లీటర్లకు 550 గ్రాములు.

ఎండాకాలం లెక్క వేరే

ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండలో 43, 44 డిగ్రీలు మామూలే. ట్యాంకు మాత్రం 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. చల్లబరచడానికి చిల్లర్, లేదంటే నీటి మీదికి గాలి కొట్టే చిన్న ఫ్యాన్లు. మన ఎండ పొడి ఎండ కాబట్టి ఫ్యాన్లు బాగానే పనిచేస్తాయి, రెండు మూడు డిగ్రీలు దింపుతాయి. గది 29 దాటనివ్వకుండా కూలరో ఏసీయో ఉన్న ఇంట్లో మొదటి ఏడాది చిల్లర్ అక్కర్లేదు.

ఫ్యాన్లతో వచ్చే చిక్కు ఆవిరి. రోజుకు మూడున్నర లీటర్లు పోయాయనుకోండి, నెలకు దాదాపు 100 లీటర్లు కొత్తగా పోస్తారు. పోయేది మంచినీటి ఆవిరి మాత్రమే, పోసిన నీళ్లలోని సరుకంతా ట్యాంకులోనే మిగులుతుంది. ఆ నీళ్లలో లీటరుకు 40 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉంటే నెలాఖరుకు ట్యాంకులో నైట్రేట్ 26 పైన పెరుగుతుంది, చేపకు గింజ మేత వేయకపోయినా సరే. మొదటిసారి మంచి నీళ్లు పోసి, తర్వాత ఆవిరైనదాని బదులు బకెట్టుతో బోరునీళ్లు పోసేవాళ్ల ట్యాంకులు మే నెలలో పచ్చబడేది ఇందుకే.

రాళ్లు, ఇసుక

పగడపు దిబ్బల నుంచి తీసిన లైవ్ రాక్ (జీవులు అంటుకుని ఉన్న రాయి) అని ఎవరైనా అమ్మజూపితే తీసుకోకండి. రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. ఇసుక శుభ్రం చేస్తుందని చెప్పే సముద్ర దోసకాయ కూడా అందులోనే ఉంది. కృత్రిమ డ్రై రాక్ తీసుకుని, ఆర్వో నీళ్లలో రెండు మూడు వారాలు నానబెట్టి ఫాస్ఫేట్ పరీక్ష చేయండి. ఫాస్ఫేట్ కనబడినన్నాళ్లూ నీళ్లు మార్చండి. ఉమ్మడి నల్లగొండలో సున్నపురాయికి కొదవ లేదు గానీ అది గట్టి రాయి, బ్యాక్టీరియా కాపురం ఉండేందుకు లోపల రంధ్రాలుండవు.

చేతిపని, వెలుతురు

ఖర్చు లేనివి ఇవే. మొదటి నెల లైటు రోజుకు ఆరు గంటలు చాలు, తెల్లరంగు ఛానల్‌ను 10 శాతం దగ్గర ఉంచండి. పడమటి కిటికీ ఎండ పడితే తెర వేయండి. నాచును నీళ్లలోనే గోకి వదిలేస్తే ముక్కలు వేరేచోట మొలుస్తాయి. రాయి తీయగలిగితే బకెట్టులో ట్యాంకు నీళ్లు పోసి టూత్‌బ్రష్‌తో రుద్దండి, లేకపోతే ఒక చేత్తో పీకుతూ మరో చేత్తో సన్నటి పైపుతో అక్కడికక్కడే లాగేయండి.

నత్తలా, చేపలా?

150 లీటర్లకు ఎనిమిది నుంచి పది నత్తలు. షాపుల్లో చెప్పే ముప్పై నలభై కాదు, పాచి తగ్గాక అవి ఆకలికి చచ్చి, కుళ్లి, మళ్లీ నాచుకే తిండవుతాయి. అమ్మోనియా, నైట్రైట్ సున్నా అయ్యాకే వేయాలి. సెరిత్ నత్తలు మాకు ముందు ఇష్టం, ఇసుకా గాజూ రెండూ శుభ్రం చేస్తాయి. మెక్సికన్ టర్బో మహా తిండిపోతు, పొడవు నాచును కూడా తింటుంది. కాకపోతే చల్లటి నీళ్ల జీవి, 28 డిగ్రీల్లో ఎక్కువ కాలం బతకదు, రాళ్లు కూడా పడేస్తుంది. నస్సారియస్ నత్త పాచి తినదు, మిగిలిన మేత తింటుంది. నత్తల్లో కొన్ని జాతులు కూడా వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి, బిల్లు ఇచ్చే షాపులోనే కొనండి. హైదరాబాద్ నుంచి బస్సులో తెచ్చేటప్పుడు థర్మోకోల్ డబ్బా వాడండి. ఇంటికొచ్చాక కనీసం గంటసేపు చుక్క చుక్కగా మీ ట్యాంకు నీళ్లకు అలవాటు చేయండి. ఉప్పు సాంద్రతలో హఠాత్తు మార్పును నత్తలు తట్టుకోలేవు.

చేపల్లో లాన్‌మోవర్ బ్లెన్నీ ఒక్కటే ఈ సైజుకు సరిపోతుంది, అదీ నాచు నిలకడగా ఉంటేనే. టాంగ్ చేప నాచును బాగా తింటుంది కానీ 400 లీటర్లు లేనిదే దాని జోలికి పోవద్దు. వెంట్రుకల నాచు వేలెడు పొడవు పెరిగాక నత్తలూ ముట్టవు, చేపలూ ముట్టవు. ముందు చేత్తో పీకి పొట్టిగా చేస్తేనే వాటి పని మొదలవుతుంది.

జీఎఫ్‌వో, కీటో నాచు, యూవీ

జీఎఫ్‌వో అంటే ఫాస్ఫేట్‌ను పట్టుకునే ఇనుప ఆక్సైడ్ గుళికలు. పని త్వరగా చేస్తుంది, ప్రమాదమూ అక్కడే ఉంది. డబ్బా మీద రాసిన మోతాదంతా ఒకేసారి వేస్తే ఫాస్ఫేట్ సున్నాకు పడిపోయి డైనోలు మొదలవుతాయి, మొదటికే మోసం. నాలుగో వంతుతో మొదలుపెట్టి, ఆర్వో నీళ్లతో ఎర్రపొడి పోయేదాకా కడిగి వేసి, నాలుగు రోజులకోసారి పరీక్షించండి. లీటరుకు మిల్లీగ్రాముల లెక్కన ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1, నైట్రేట్ 5 నుంచి 10 మధ్య నిలిస్తే చాలు.

కీటోమార్ఫా అనే నాచును కింది ఫిల్టర్ ట్యాంకులో లైటు పెట్టి పెంచడం నిదానమైన పద్ధతి. పోషకాలను అదే లాగేసుకుంటుంది, మనం గుప్పెడు గుప్పెడు కోసి పారేస్తాం. దాని లైటు రాత్రిపూట వెలిగిస్తే ట్యాంకు పీహెచ్ రాత్రి పడిపోకుండా ఉంటుంది. మూడో నెల నుంచి పెట్టండి, అంతకుముందు దానికి సరిపడా తిండి దొరకక తెల్లబడి కరిగిపోవచ్చు. కింద ఫిల్టర్ ట్యాంకు ఉన్న ఇంటికి కీటో, లేని చిన్న ట్యాంకుకు కొద్దిగా జీఎఫ్‌వో అన్నది మా లెక్క.

యూవీ రాతికి అంటుకున్న నాచును ఏమీ చేయదు. నీళ్లు పచ్చగా మారినప్పుడు, లేదా రాత్రి ఇసుక వదిలి నీళ్లలోకి తేలే ఆస్ట్రియాప్సిస్ రకం డైనోలకు పనిచేస్తుంది. 150 లీటర్లకు 13 వాట్ల దాకా కావాలి, నీళ్లు మెల్లగా పారాలి, పైపు ట్యాంకులోంచి నేరుగా ట్యాంకులోకే ఉండాలి. ఇసుకలోనే ఉండే యాంఫిడినియం రకానికి యూవీ దండగ. దానికి నైట్రేట్‌ను 5కు, ఫాస్ఫేట్‌ను 0.05 పైకి పెంచి పోటీ జీవులను రానివ్వడమే మార్గం, అందుకు రెండు నెలలైనా పట్టొచ్చు.

మందులు, చిట్టచివరికి

బావిలో, చేపల చెరువులో పాచికి మైలుతుత్తం వేసే అలవాటు మన దగ్గర ఉంది. ఉప్పునీటి ట్యాంకులో వద్దే వద్దు. అందులోని రాగి నత్తలను, రొయ్యలను, పగడాలను చంపుతుంది, రాళ్లలోకీ ఇసుకలోకీ ఇంకి నెలల తరబడి ఊరుతూనే ఉంటుంది. మంచినీటి ట్యాంకుల పాచి మందుల్లో చాలావాటిలో కూడా రాగి ఉంటుంది, సీసా వెనక చదవండి.

సయనోకు ఎరిత్రోమైసిన్ వేయమని చెప్పేవాళ్లున్నారు. యాంటీబయాటిక్‌ను మోరీలోకి వదలడానికి మేం ఒప్పుకోం. పొరను పైపుతో లాగేసి, వేవ్‌మేకర్‌ను (నీటిని కదిలించే పంపును) ఆ మూలకు తిప్పి, మూడు రోజులు లైటు ఆపి ట్యాంకును దుప్పటితో కప్పండి. పొర చచ్చి కుళ్లేటప్పుడు ఆక్సిజన్ పడిపోతుంది, గాలి పంపు ఆగకూడదు. గాలివానల రోజుల్లో కరెంటు గంటల తరబడి పోతుంది కాబట్టి బ్యాటరీతో నడిచే పంపు చేతికందేలా ఉంచుకోండి.

వెంట్రుకల నాచు పట్టిన రాయి మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ బాగా పనిచేస్తుంది. విదేశీ సలహాల్లో రాసే మోతాదులు 3 శాతం ద్రావణానివి, మన మెడికల్ షాపుల్లో ఇచ్చేది ఎక్కువగా 6 శాతం, అంటే 20 వాల్యూమ్. లేబుల్ చూసి, సమానంగా ఆర్వో నీళ్లు కలిపి, బయటికి తీసిన రాయి మీద చుక్కలుగా వేసి, మూడు నిమిషాలాగి ట్యాంకు నీళ్లలో కడిగి పెట్టేయండి. ఒక్కసారికి రెండు మూడు రాళ్లే. క్లీనర్ రొయ్య ఉన్న ట్యాంకులోకి నేరుగా పోయకండి.

బ్రయాప్సిస్‌కు మాత్రం పీకడం, పోషకాలు తగ్గించడం రెండూ చాలవు. దానికి ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు కావాలి, లీటరుకు 5 మిల్లీగ్రాములు. రాళ్లు, ఇసుక పోను 130 లీటర్ల నీళ్లుంటే 650 మిల్లీగ్రాములు, అంటే 150 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగుంపావు. నాలుగు వేస్తే సరిపోతుంది. చీటీ మీద ఇచ్చే మందు కాబట్టి వెటర్నరీ డాక్టర్‌ను అడిగి తీసుకోండి. మాత్రలు నూరి ట్యాంకు నీళ్లలో కలిపి పోయాలి. ఫిల్టర్‌లోని కార్బన్ తీసేయాలి, స్కిమ్మర్ (నురగతో మురికిని లాగే పరికరం) గిన్నె తీసేసి గాలి మాత్రం ఆడనివ్వాలి. రెండు వారాలు నీళ్లు మార్చొద్దు. ఏడెనిమిది రోజులకు ఈకలు పాలిపోవడం మొదలవుతుంది, ఊడినవాటిని ఏ రోజుకారోజు పైపుతో లాగేయండి. పదిహేనో రోజున 30 లీటర్లు మార్చి, కొత్త కార్బన్ వేసి, స్కిమ్మర్ గిన్నె తిరిగి బిగించండి.